కాగితము మీది కొత్త మాటలు

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి. వ్యవసాయము)



గత సార్వా నాట్లకు ముందు ఒక సాయంకాలము మా మండలములోని డెల్టా గ్రామమునుండి ఒక పెద్దాయన కాగితముల కట్ట నొకదానిని తువాలులో చుట్టుకొని నా కార్యాలయమునకు వచ్చినారు. ఆయన నాలుగు ఎకరములు కౌలుకు చేయు రైతు. కట్టలో పదకొండు పుటలున్నవి. పది ఇంగ్లీషు, చివరిది తెలుగు. ఆ తెలుగు పుటలో పేరునకు, ఆధార్ నెంబరునకు, సంతకమునకు చోటు తప్ప వేరేమియు లేదు.

"ఏఓ గారూ, వరిమడి మధ్య మధ్య ఆరబెడితే డబ్బులిస్తారంటండి. నీళ్ళకి కాదంట, ధాన్యానికి కాదంట, గాలికంట. సంతకం పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగినారు.

నేను కట్ట విప్పి చదివితిని. బేస్‌లైన్, అడిషనాలిటీ, పర్మనెన్స్, వెరిఫికేషన్ అను మాటలు ప్రతి పుటలోను కనుపించినవి. వరి మడిలో మిథేన్ వాయువు ఎట్లు పుట్టునో కళాశాలలో చదివి పరీక్ష వ్రాసినవాడను. అయినను ఆ కట్టలోని మాటలలో సగమునకు ఆనాడు ఆయనకు తెలియునట్లు అర్థము చెప్పలేకపోతిని. "రెండు రోజులు నా దగ్గర ఉంచండి, చదివి చెబుతాను" అంటిని. ఇంకొక సంగతియు ఒప్పుకొనవలెను. అంతకు ముందు సంవత్సరము వేరొక గ్రామములో ఇట్టి కాగితమునే చూపిన రైతులతో, "నష్టమేమున్నది, పెట్టండి" అని చెప్పినవాడను నేనే. ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణమదియే.

ఈ కాలములో గ్రామమునకు వచ్చు కొత్త మాటలు రెండు దిక్కులనుండి వచ్చుచున్నవి. కొన్ని వాతావరణ మార్పు విధానమునుండి, కొన్ని విద్యుత్తు నియంత్రణనుండి. నిజమునకు ఈ రెండును ఒకే ఇంటి మాటలు. మన దేశములో భూమిని వేడెక్కించు వాయువులలో సుమారు నాలుగింట మూడు వంతులు బొగ్గు, నూనె, గ్యాసు మండించుట వలననే పుట్టుచున్నవి. అందులో కరెంటు తయారీకి కాల్చు బొగ్గుదే పెద్ద భాగము. కావున వాతావరణమును గూర్చి ఢిల్లీలో తీసికొను నిర్ణయము చివరకు మన ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకే వచ్చి చేరును. సౌర పంపు దరఖాస్తుగానో, బీడు భూమికి లీజు పత్రముగానో, మీటరుగానో, ఇదిగో ఈ పెద్దాయన తెచ్చిన కట్టగానో వచ్చును. మాట అర్థము కాకుండ పెట్టిన సంతకము ఎన్ని సంవత్సరములు వెంటాడునో పట్టాదారు పుస్తకముల తగాదాలు చూచిన గ్రామాధికారులకు నేను చెప్పనక్కరలేదు.

మొదట వాయువుల సంగతి. మన కరపత్రములలో "హరితగృహ వాయువులు" అని వ్రాయుచున్నాము. హరితగృహమనగా రైతుకు గుర్తుకు వచ్చునది కూరగాయల నారు పెంచు షెడ్డు. ఆ మాటతో పని జరుగదు. మేఘములు కమ్మిన రాత్రి చలి తక్కువగా నుండుట, ఆకాశము తేటగానున్న రాత్రి మంచు పడి వణకు పుట్టుట మీకందరకు అనుభవమే. పగలు నేల త్రాగిన వేడి రాత్రి పైకి పోవుచుండగా మేఘము దుప్పటివలె అడ్డుపడును. బొగ్గుపులుసు వాయువు, మిథేన్, నైట్రస్ ఆక్సైడు అను వాయువులు అట్టి దుప్పటియే. కాని ఇది తెల్లవారగానే తొలగునది కాదు. బొగ్గు కాల్చినందువలన మొదటిది, నీరు నిలిచిన వరిమడినుండియు పశువుల నెమరు వలనను రెండవది, వేసిన యూరియాలో పైరుకు అందక నేలలో మారిపోవు నత్రజనినుండి మూడవది పుట్టుచున్నవి.

ఈ మూడింటి బలము ఒకటి కాదు. నూరు సంవత్సరముల లెక్కన చూచిన యెడల ఒక కిలో మిథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువునకును, ఒక కిలో నైట్రస్ ఆక్సైడు సుమారు 265 కిలోలకును సమానమని శాస్త్రజ్ఞుల లెక్క. పుట్లలో కొలిచినది, బస్తాలలో కొలిచినది క్వింటాళ్ళలోనికి మార్చి వ్రాసినట్లు, అన్ని వాయువులను ఒకే కొలతలోనికి మార్చి చెప్పుదురు. కాగితములలో "కార్బన్ డై ఆక్సైడుకు సమానమైన టన్ను" అని కనుపించునది ఇదే. యూరియా అనవసరముగా ఒక బస్తా తగ్గించుట ఎంత పనియో 265 అను అంకెయే చెప్పుచున్నది. అయితే ఎరువుల దుకాణములో ఈ లెక్క ఎవరును చెప్పరు.

తరువాత "మిటిగేషన్", "అడాప్టేషన్". మా శాఖ తెలుగులో మొదటిదానికి "ఉపశమనము" అని పెట్టినారు. ఒక సమావేశములో నేనా మాట అనగానే ముందు వరుసలోని రైతు, "ఉపశమనమంటే నొప్పుల మందా సారూ?" అన్నాడు. అందరును నవ్విరి. నవ్వదగినదే. వాయువు పుట్టుటను తగ్గించుట మొదటిది; దానిని "తగ్గింపు" అందము. వచ్చిన మార్పును తట్టుకొనుట రెండవది; దానిని "తట్టుకోలు" అందము. ముంపును తట్టుకొను వరి వంగడము వేయుట తట్టుకోలు. మడిని మధ్య మధ్య ఆరబెట్టుట తగ్గింపు. ఈ భేదము పండితుల భేదము మాత్రము కాదు. తట్టుకోలు వలన లాభము మీ పొలములోనే ఉండును. తగ్గింపు వలన లాభము లోకమంతటికి పోవును. కనుకనే దానికి వేరెవరో డబ్బు చెల్లించుట న్యాయమను వాదము పుట్టినది. మిమ్ములను ఒక పని చేయుమని ఎవరైన అడిగినపుడు, ఇది ఎవరి మేలునకు అని ఆలోచించుటకు ఈ రెండు మాటలు అక్కరకు వచ్చును.

దేశము చేసిన వాగ్దానములను గూర్చియు పత్రికలలో చదువుచుందురు. 1992లో రియో నగరములో దేశములన్నియు ఒక ఒప్పందము చేసికొన్నవి. 2015లో పారిస్‌లో భూమి వేడి పెరుగుదలను 2 డిగ్రీలకు చాల దిగువన, వీలైన 1.5 డిగ్రీల వద్ద ఆపవలెనని అంగీకరించినవి. మన దేశము 2022లో ఇచ్చిన మాటలో, 2005తో పోల్చిన 2030 నాటికి "ఉద్గార తీవ్రత"ను 45 శాతము తగ్గింతుమని యున్నది. దీనిని చూచి కొందరు, వాయువులన్నియు సగమగునని, అందుకు పంటలు తగ్గింపవలసివచ్చునని భయపడినారు. అది పొరపాటు. తీవ్రత అనగా దేశములో జరిగిన ప్రతి రూపాయి ఉత్పత్తికి ఎంత వాయువు పుట్టినదను లెక్క. ఎకరమునకు వేసిన ఎరువు కాక, పండిన బస్తాకు పట్టిన ఎరువును లెక్కించుట వంటిది. ఉత్పత్తి పెరుగవచ్చును, మొత్తము వాయువును కొంత పెరుగవచ్చును, అయినను తీవ్రత తగ్గవచ్చును. మొత్తము వాయువు పీల్చుకొనబడు వాయువుతో సరిపోవుట "నెట్ జీరో". దానికి మన దేశము 2021లో గ్లాస్గో నగరములో చెప్పిన గడువు 2070.

ఇంకొక మాటలో ఇంతకంటె పెద్ద చిక్కున్నది. 2025 సంవత్సరము నడుమ, దేశములోని విద్యుత్ స్థాపిత సామర్థ్యములో సగము బొగ్గు, గ్యాసు కానివాటినుండియే అని ప్రకటన వచ్చినది. సామర్థ్యమువరకు అది నిజము. అయినను ఆ కాలమున మన ఇంటికి వచ్చిన కరెంటులో ఎక్కువ భాగము బొగ్గుదే. ఒకటి అబద్ధమా? కాదు. కొట్టములో కట్టిన ఎద్దుల సంఖ్య వేరు, అవి దున్నిన ఎకరములు వేరు. మెగావాటు ఎద్దు, యూనిట్ దున్నిన చాలు. సౌర ఫలక రాత్రి పనిచేయదు, మబ్బులో కుంటును. ఒక మెగావాటు సౌర కేంద్రము సంవత్సరమునకు సుమారు 16 లేక 17 లక్షల యూనిట్లు ఇచ్చును. ఇరువదినాలుగు గంటలును నడిచినచో రావలసిన దానిలో ఇది ఐదవ వంతు. ఎవరైన మెగావాట్లలో మాట్లాడినపుడు యూనిట్లలో చెప్పుమని అడుగుడు.

యూనిట్ మాట వచ్చినది గనుక మన మోటారు లెక్క చూతము. ఒక హార్స్ పవరు 746 వాట్లు. 5 హార్స్ పవరు మోటారు తన నష్టములతో కలిపి సుమారు నాలుగున్నర కిలోవాట్లు లాగును. తొమ్మిది గంటలు పూర్తి బరువుతో నడిచిన 40 యూనిట్లు. మన దేశపు గ్రిడ్డులో ఒక యూనిట్ వెనుక సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువున్నది. అనగా రోజుకు 28 కిలోలు. నూరు రోజులు నడిచిన 2,800 కిలోలు. ఈ అంకెను జ్ఞాపకముంచుకొనుడు, దీనితో ముందు పనియున్నది.

ఇంత కరెంటుకు మీరు చెల్లించునది లేదు. 2004 నుండి మన రాష్ట్రములో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు అమలు జరుగుచున్నది. "ఉచితము" అను మాట నేను మార్చుమనుట లేదు గాని, దాని వెనుక మరి మూడు మాటలున్నవని చెప్పవలెను. యూనిట్‌కు ఎంత ధర పడవలెనో నిర్ణయించునది విద్యుత్ నియంత్రణ మండలి. ఆ ధర "టారిఫ్". రైతుకు బదులు ప్రభుత్వము చెల్లించునది "సబ్సిడీ". పరిశ్రమలు, దుకాణములు తమ అసలు ఖర్చుకంటె ఎక్కువ చెల్లించగా ఆ మిగులుతో ఇతరులకు తగ్గించునది "క్రాస్ సబ్సిడీ". 2003 విద్యుత్ చట్టములోని 65వ సెక్షను ప్రకారము ప్రభుత్వము సబ్సిడీని ముందుగానే పంపిణీ సంస్థకు చెల్లించవలెను. ఆ సొమ్ము ఏ రాష్ట్రములోనైన ఆలస్యమైనచో పంపిణీ సంస్థ వడ్డీకి అప్పు తెచ్చును. అప్పు పెరిగిన సంస్థ పాత తీగ మార్చదు, కాలిన ట్రాన్స్‌ఫార్మరు త్వరగా తేదు. చివరకు తక్కువ వోల్టేజికి మోటారు కాలి రీవైండింగునకు రైతే డబ్బు కట్టుకొనును. ఉచితమైన కరెంటునకు కూడ రైతు ఈ దారిన చెల్లించుచున్నాడు, రశీదు లేకుండ.

మీటరు విషయమై గ్రామములలో చాల వేడి పుట్టినది. నా అభిప్రాయము నిర్మొగమాటముగా చెప్పెదను. మీటరు వేరు, బిల్లు వేరు. తూకపు రాయి ఉన్నంత మాత్రమున సరుకు అమ్మకమైనట్లు కాదు. అయితే తూకపు రాయి తెచ్చినవాడు ఎందులకు తెచ్చినాడో చెప్పకపోయిన యెడల అనుమానము పుట్టుట సహజము. వ్యవసాయ కరెంటు కొలవని చోట ఎంత వాడినామో అంచనా వేయుదురు. తీగలలో పోయిన నష్టము, దొంగ కనెక్షన్లలో పోయినది కూడ ఆ అంచనాలో కలిసి "రైతు వాడినది"గా లెక్కకు ఎక్కవచ్చును. కావున కొలత రైతుకు శత్రువు కాదు. ధర పెట్టము అను మాట వ్రాతలో లేకుండ కొలత మాత్రము తెచ్చినచో రైతు నమ్మకపోవుట కూడ తప్పు కాదు. తప్పు ఎవరిదన్నచో రెండు మాటలను ఒకటిగా కలిపి మాట్లాడిన అన్ని పక్షములదియు.

గ్రామాధికారులకు ఇచ్చట ఒక విన్నపము. పంపిణీ సంస్థలు ప్రతి సంవత్సరము, సాధారణముగా నవంబరు చివరకు, తమకు కావలసిన ఆదాయపు లెక్కను నియంత్రణ మండలికి సమర్పించును. దానిని పత్రికలలో ప్రకటించి, అభ్యంతరములు కోరి, బహిరంగ విచారణ జరుపుదురు. వ్యవసాయమునకు ఎన్ని యూనిట్లు అంచనా వేసినారో ఆ లెక్కలోనే ఉండును. ఏ రైతైనను తెలుగులో వ్రాసి అభ్యంతరము పంపవచ్చును, స్వయముగా మాట్లాడవచ్చును. నేను అడిగిన పది గ్రామములలో ఈ సంగతి తెలిసిన రైతులు ఇద్దరు. ఆ ప్రకటన వచ్చిన దినమున సచివాలయము పలకమీద అంటించుట పెద్ద పని కాదు.

సౌర విద్యుత్తు లీజులను గూర్చి కొద్దిగా చెప్పి ముందుకు పోవుదును. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకములో, ఉపకేంద్రమునకు సమీపమున బీడు భూములలో 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రములు పెట్టు భాగమొకటి ఉన్నది. రైతు స్వయముగా పెట్టవచ్చును, లేదా భూమిని లీజుకు ఇవ్వవచ్చును. మెగావాటుకు సుమారు నాలుగైదు ఎకరములు పట్టును. ఇందులో చూడవలసిన మాట "కరెంటు కొనుగోలు ఒప్పందము". దాని కాలము 25 సంవత్సరములు. ఇరువదియైదు సంవత్సరములనగా సంతకము చేసినవాని కుమారుడు పొలమునకు వచ్చు కాలము. ఏటేటా కౌలు పెరుగునా, కంపెనీ చేతులు మారిన ఎవరు చెల్లింతురు, గడువు తీరిన పిమ్మట ఫలకలు, ఇనుము, కాంక్రీటు ఎవరు తొలగింతురు అని వ్రాత ఉన్నదా చూడుడు. నేల సారమున్న భూమిని ఇందులకు ఇచ్చుట నాకు ఇష్టము లేదు. రాళ్ళ బీడునకు మంచి ఉపయోగమే.

ఇక పెద్దాయన కట్ట.

వరిమడిలో నీరు నిలిచినపుడు నేలలోనికి గాలి పోదు. గాలి లేని చోట బ్రతుకు సూక్ష్మజీవులు కుళ్ళిన దుబ్బును, ఆకును తిని మిథేన్ విడుచును. అది వరి కాడ గుండనే పైకి వచ్చును. మడిని మధ్య మధ్య ఆరనిచ్చిన యెడల ఆ జీవులు అణగును. ఇందులకు అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టమునకు రంధ్రములు పెట్టి మడిలో పాతి, లోని నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయినపుడు మరల నీరు పెట్టుదురు. పూత దశలో మాత్రము నీరు ఉంచవలెను. ఇట్లు చేసినచో మిథేన్ దాదాపు సగము తగ్గును, దిగుబడి తగ్గదు. శాస్త్రము ఇంతవరకు గట్టిది. నేను రైతులకు ఈ పద్ధతిని సిఫారసు చేయుచునే ఉన్నాను, ఇకముందును చేయుదును.

కాని ఆ గాలి అమ్ముడుపోవు సరుకుగా మారునపుడు లెక్కలు మొదలగును. ఒక టన్ను తగ్గింపునకు ఒక "కార్బన్ క్రెడిట్". ఎకరమునకు ఎంత వచ్చును? కట్టలో ఈ అంకె ఎక్కడను లేదు. గనుక ప్రపంచ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘము, అనగా ఐ.పి.సి.సి., 2019లో దక్షిణాసియాకు ఇచ్చిన సగటు అంకెలతో నేనే కట్టితిని. ఎల్లప్పుడు నీరు నిలిపిన హెక్టారు మడినుండి రోజుకు 0.85 కిలోల మిథేన్. 112 రోజులకు 95 కిలోలు. పలుమార్లు ఆరబెట్టిన అందులో నూటికి 45 వంతులు తగ్గును, అనగా 43 కిలోలు. దీనిని 28తో హెచ్చించిన 1,200 కిలోలు. ఎకరమునకు దింపిన 485 కిలోలు, అర టన్ను. అనగా రెండు ఎకరములు ఒక పంట కాలమంతయు శ్రద్ధగా ఆరబెట్టిన ఒక క్రెడిట్. పెద్దాయన నాలుగు ఎకరములకు రెండు. ఆరబెట్టిన మడిలో నైట్రస్ ఆక్సైడు కొంత పెరుగును, దానిని తీసివేయవలెను. కొలతలోని అనుమానమునకు కొంత కోతయుండును. పరీక్షకుల ఖర్చు, కంపెనీ వాటా పోయిన తరువాత మిగిలినది రైతుది. క్రెడిట్ ధర ధాన్యమువలె మద్దతు ధర గలది కాదు, బజారుతో లేచి పడును. "ఎకరమునకు వేలకు వేలు" అని ఎవరైన ఆశపెట్టిన యెడల ఈ లెక్క వారి ముందుంచుడు.

ఇప్పుడు "బేస్‌లైన్" అను మాట బరువు తెలియును. అనగా పథకమునకు ముందు మీరు ఎట్లు సాగుచేసినారను లెక్క. తెలుగులో "మునుపటి తీరు" అందము. పై లెక్క ఎల్లప్పుడు నీరు నిలిపిన మడికి వేసినది. మా డెల్టాలో పైపాటు యూరియా చల్లుటకు ముందు నీరు తీసివేయు అలవాటు అనేకులకు కలదు. కాలువకు వంతులు పెట్టిన సంవత్సరము మడి తనంతట తానే ఆరును. ఒక్కసారి ఆరబెట్టు అలవాటు ముందే ఉన్న మడి అయినచో, అదే ఐ.పి.సి.సి. లెక్కన తగ్గింపు అర టన్నునుండి ఎకరమునకు 170 కిలోలకు దిగును. మూడింట ఒక వంతు! కావున మునుపటి తీరును ఎట్లు వ్రాసినారను దానిలోనే డబ్బంతయు ఉన్నది. ఎక్కువ వ్రాసిన కంపెనీకి లాభము, తరువాత పరీక్షలో తేలిన క్రెడిట్లు రద్దు. ఇది ఊహ కాదు. క్రెడిట్లు నమోదు చేయు అంతర్జాతీయ సంస్థ వెర్రా 2024లో చైనాలోని 37 వరి పథకములను తిరస్కరించినది.

"అడిషనాలిటీ" అనునది ఇంకను కటువైన మాట. ఈ డబ్బు లేకపోయినను మీరు చేసియుండెడి పనికి క్రెడిట్ లేదు. మా మాట విని పది సంవత్సరములనుండి మడి ఆరబెట్టుచున్న మంచి రైతుకు ఏమియు రాదు. నిన్నటివరకు నీరు నింపి ఉంచిన పక్క మడివానికి వచ్చును. ఈ నియమమునకు కారణమున్నది. లేనిచో కాగితము మీద తగ్గింపు గాలిలో తగ్గదు. కాని మంచి రైతుకు వేరొక గౌరవము, వేరొక ప్రోత్సాహము ప్రభుత్వమునుండి రావలెనని నా దృఢాభిప్రాయము. లేనిచో ముందుగా మంచి పద్ధతి పట్టినవాడు అమాయకుడను మాట గ్రామములో నాటుకొనును.

మరియొక సంగతి కాగితము వ్రాసినవారికి తెలియదు, మీకు తెలియును. డెల్టాలో చాల చోట్ల మడికి మడికి బోదె లేదు. పై మడి నీరు గట్టు తెంపి క్రింది మడికి పారును. నడిమి మడివాడు ఒక్కడే ఆరబెట్టెదనన్నచో సాధ్యమా? పై వాడు వదలిన నీరు ఇతని మడిలోనుండియే పోవలెను. ఈ పథకము ఒక్కొక్క రైతుతో సంతకము చేయించునది కాదు. ఒక తూము క్రింది రైతులందరు కూడబలుకుకొని చేయవలసినది. బోరు క్రింది వరికి ఈ చిక్కు లేదు. అచ్చట మీట రైతు చేతిలో ఉన్నది. నీటి తడులు తగ్గిన మోటారు గంటలును తగ్గును. ముందు జ్ఞాపకముంచుకొనుమన్న రోజుకు 28 కిలోల లెక్క ఇచ్చట పనికి వచ్చును. 5 హార్స్ పవరు మోటారు సీజనులో పద్దెనిమిది రోజులు తక్కువ నడిచిన అదియు అర టన్ను. నా మట్టుకు బోరు రైతుకు క్రెడిట్ సొమ్ముకంటె బావిలో మిగిలిన నీరు, కాలకుండ మిగిలిన మోటారు పెద్ద లాభము.

కట్టలో నన్ను అన్నిటికంటె కలతపెట్టినది గడువు. సంతకము చేసిన రైతు అనేక సంవత్సరములు ఈ పద్ధతిని విడువరాదని యున్నది. పెద్దాయనది కౌలు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలు ఒప్పందమునకు 11 నెలల గడువు. వచ్చే సంవత్సరము ఆ మడి ఆయన చేతిలో ఉండునో లేదో ఆయనకే తెలియదు. మాట తప్పిన తీసికొన్న సొమ్ము తిరిగి ఇవ్వవలెనని ఎనిమిదవ పుటలో ఉన్నది. క్రెడిట్ భూమిదా, సాగుదా? భూయజమాని పట్టణములో ఉండి సొమ్ము తనదనిన ఎవరు తేల్చుదురు? మడిలో దిగి గొట్టము చూచువాడు కౌలు రైతు. పుస్తకములో పేరున్నవాడు వేరొకడు.

2022లో ఇంధన పొదుపు చట్టమును సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకమును కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. 2024 జనవరిలో వ్యవసాయములో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్టునకు ఒక నియమావళిని కేంద్ర వ్యవసాయ శాఖ విడుదల చేసినది. ఈ పథకములు రాకూడదని నేననుట లేదు. లోకమునకు రైతు చేయు మేలునకు లోకము ధర కట్టుట మంచి మార్పు. కాని విత్తనపు సంచిమీద మొలక శాతము, గడువు తేది లేనిచో అమ్మకము ఆపు అధికారము మాకున్నది. రైతు చేత సంతకము చేయించు ఇట్టి ఒప్పందములకు అట్టి కట్టడియే ఉండవలెను. ప్రతి పుట తెలుగులో ఉండవలెను. ఎకరమునకు అంచనా తగ్గింపు, రైతు వాటా, గడువు, తప్పిన దండన అను నాలుగును మొదటి పుటలోనే అంకెలతో ఉండవలెను. గ్రామసభలో చదివి వినిపించి, వ్యవసాయ సహాయకుడు హాజరున్నట్లు వ్రాసిన పిమ్మటనే సంతకములు. మాకును ఈ మాటలమీద శిక్షణ కావలెను. తెలియని అధికారి "నష్టమేమున్నది" అనును. నేనన్నట్లే.

రెండు రోజులన్న చోట తొమ్మిది రోజులు పట్టినది. పెద్దాయన వచ్చినపుడు పై లెక్క తెల్లకాగితము మీద వేసి చూపితిని. ఆయన చాల సేపు చూచి, "అంటే గట్టు కింద వాళ్ళందరం ఒప్పుకోవాలి, ఆసామీ ఒప్పుకోవాలి, అప్పుడు ఏడాదికి రెండు క్రెడిట్లు" అన్నారు. అవునంటిని. "మడి ఆరబెట్టడం మంచిదేనంటారుగా?" మంచిదే అంటిని. "అయితే అది చేస్తాను. కాగితం మీ దగ్గరుంచండి."

ఆ సార్వాలో ఆయన, పై మడి రైతు కలిసి రెండు గొట్టములు పాతినారు. కౌలుదారు ప్రశ్నలు మూడు వ్రాసి కాగితము తెచ్చిన కంపెనీకి పంపితిని. ముందటి గ్రామములో నా మాట మీద సంతకము చేసినవారి ఒప్పందముల నకళ్ళు కూడ అడిగితిని. నకళ్ళు వచ్చినవి, పదేసి పుటలు ఇంగ్లీషులోనే. ప్రశ్నలకు జవాబు ఇంకను రాలేదు.